నేను పుట్టించిన సీసా

ముప్ఫై ఒక్క ఏళ్ళు బెంగాల్లో గార్డెన్ రీచ్ వైపు డాకులో పనిచేసి నేను సంపాదించిన విద్య ఒక్కటే, మనుషుల నోళ్ళు వాసన చూడడం. నవ్వకండి. ఇప్పుడు మీరు యంత్రంలో ఊదిస్తున్నారనీ, అది అంకె చూపిస్తుందనీ విన్నాను. మంచిదే. మా రోజుల్లో ఆ యంత్రం నా ముక్కే. క్రేన్ల సెక్షనుకి ఫోర్‌మేన్‌ని కాబట్టి, పొద్దున్న హాజరు వేసేటప్పుడు ఒక్కొక్క డ్రైవరూ నా ముందుకొచ్చి "హా" అని ఊదాలి. నేను సరేనంటేనే క్రేను నిచ్చెన ఎక్కాలి. లవంగం నమిలినవాడు, జర్దా పాన్ వేసినవాడు, పచ్చి ఉల్లిపాయ కొరికి వచ్చినవాడు, ఎవడు ఏది దాచడానికి ఏది తిన్నాడో ఇట్టే చెప్పేవాణ్ణి. "అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం మా ఇంట్లోనే కాపురముంది" అనేది మా ఆవిడ.

కొత్తగా సూపర్‌వైజర్లయిన మీకు ఇదంతా నా ముక్కు గొప్ప చాటుకోవడానికి చెప్పడం లేదు. ఆ రోజు నా ముక్కు సరిగ్గానే పనిచేసింది. తప్పు చేసింది నేను.

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి పదేళ్ళు దాటిన కాలం. మా సెక్షన్లో ఒక క్రేను డ్రైవరు ఉండేవాడు. మా శ్రీకాకుళం వైపు మనిషే. తండ్రి ఇదే డాకులో బస్తాలు మోసి మోసి నడుం విరగ్గొట్టుకుంటే, ఇతను పైకెక్కి క్రేను పట్టుకున్నాడు. చెయ్యి ఎంత నెమ్మదంటే, గుడ్ల బుట్ట ఇచ్చినా ఒక్కటి చిట్లకుండా దింపేవాడు. అక్షరమ్ముక్క రాదు. సాయంత్రమైతే చుల్లు. చుల్లంటే అక్కడి నాటుసారా, ఏం కలుపుతారో తాగేవాడికీ తెలియదు, కాచేవాడికీ తెలియదు. మొదట్లో ఆదివారాలు తాగేవాడు, తర్వాత వారాలతో పని లేకుండా పోయింది.

ఆ రోజు పొద్దున్న నా ముందుకొచ్చి ఊదాడు. గుప్పుమంది. లవంగం కూడా ఆ కంపుని కప్పలేకపోయింది. వెనక్కి పంపేయాలి. కానీ బెర్తు మీదున్న ఓడ మధ్యాహ్నం పోటుకి వెళ్ళిపోవాలి. నదికి పోటొస్తేనే డాకు తలుపులు తీస్తారు, ఆ పోటు తప్పితే పైనుంచి నాకు అక్షింతలు. ఇంకో డ్రైవరు లేడు. పైగా మనవాడు. "తిన్నగా పట్టుకో" అని చెప్పి ఎక్కించేశాను.

కింద కొక్కెం దగ్గర నిలబడి చేత్తో సైగలు చేసే సిగ్నల్‌మేన్ ఒక బెంగాలీ దాదా. బరువు ఎత్తమంటే "హబీస్", దించమంటే "ఆరియా" అని అరుస్తాడు. పైనున్న డ్రైవరుకి కింద ఏముందో కనబడదు, దాదా చెయ్యే కళ్ళు. దాదాకి పైనున్నవాడి చెయ్యే ప్రాణం. ఆ పూట "ఆరియా, ఆస్తే ఆస్తే, మెల్లగా" అని దాదా అరుస్తూనే ఉన్నాడు, పెట్టె జానెడు ఎత్తునుంచి ధభీమని పడింది. దాదా కాలి వేళ్ళు రెండు పోయాయి.

డాక్టరు డ్రైవర్ని చూసి తాగాడని రాశాడు. మర్నాడు విచారణలో పెద్ద ఇంజనీరు నన్ను అడిగాడు. "పొద్దున్న నువ్వు వాసన చూశావా?"

"చూశాను సార్. ఏమీ లేదు."

"మరి?"

ఆ "మరి"కి అప్పటికప్పుడు ఒక జవాబు పుట్టించాను. "సంచిలో సీసా పెట్టుకుని పైకెక్కాక తాగి ఉంటాడు సార్."

డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు. నా మొహం వంక ఒక్కసారి చూశాడు, తల వంచేసుకున్నాడు. కాదు అనలేదు. క్రేను మీద దొంగతనంగా తాగినవాడని ముద్ర వేసి, డ్రైవరు పని తీసేసి, తాళ్ళ గోదాంలో చాకిరీకి వేశారు. ఇంకోసారి తాగి దొరికితే ఉద్యోగమే ఉండదని కాగితం మీద వేలిముద్ర తీసుకున్నారు. నాకేమీ కాలేదు. మంచి ఫోర్‌మేన్ అన్న పేరు కూడా మిగిలింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను.

ఆ తర్వాత నాలుగైదు నెలలకి, అతను తాగడం మానేశాడని చెప్పుకున్నారు. డాకు దగ్గర మెటియాబ్రుజ్ పేటలో దర్జీల గదుల మధ్య తెలుగువాళ్ళు ఆదివారం ప్రార్థన పెట్టుకుంటారు, అక్కడికి వెళ్తున్నాడట. గుడ్డ సంచిలో పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని పనికొస్తున్నాడట. నేను నమ్మలేదు. తాగుబోతు దేవుడి పేరెత్తాడంటే ఎక్కడో ఏదో దాస్తున్నాడన్నమాటే. అందులోనూ నాకు వేరే భయం ఉంది. మనిషి మారితే నోరు విప్పుతాడు. విప్పితే మొదట బయటపడేది నేనే.

అందుకని అతని మీద కన్నేశాను. తాళ్ళ గోదాం నా కింద కాకపోయినా ఏదో వంకతో వెళ్ళేవాణ్ణి. ఒకనాడు భోజనాల వేళ అతను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు సంచి తడిమాను. ఏం వెతుకుతున్నాను? సీసా! ఆ సీసాని లోకంలో పుట్టించిందే నేను, దాని కోసం వెతికిందీ నేనే. చేతికి పుస్తకం, ఒక పొట్లంలో లవంగాలు తగిలాయి. లవంగాలు! దొరికాడు దొంగ అనుకున్నాను. అంతలో అతను వెనకనుంచి వచ్చాడు.

"ఏటి బాబూ ఎతుకుతన్నారు?"

"లవంగాలెందుకు నీకు? తాగనివాడికి లవంగాలతో పనేమిటి?"

"నోరు పీకీస్తది బాబూ తాగీ యేలకి. ఒకటెట్టుకుంటే కూసింత ఓర్సుకుంటాను." ఊదమనకుండానే నా మొహం మీద ఊదాడు. లవంగం వాసన తప్ప ఇంకేం లేదు.

నేను ఊరుకుంటానా! పుస్తకం ఎత్తాను. "నీకు చదువు రాదు. ఇది ఎవర్ని మోసం చెయ్యడానికి?"

"నిజమే, సదవనేను. మా కూతురు గుంటా సదవనేదు, దానిది బెంగాలీ ఇస్కూలు. ఆదోరం పెద్దాయన సదివితే ఇని గుర్తెట్టుకుంటాను. ఇక్కడిదని దారం ఎట్టుకుంటాను. దాని మీద సెయ్యెట్టుకుంటే మాట గుర్తొస్తది."

పేజీల మధ్య నిజంగానే రంగు రంగుల దారప్పోగులు, దర్జీల గదుల్లో నేల మీద ఏరుకున్నవి. సరే చూద్దామని ఎర్ర దారం దగ్గర తెరిచి, "చెప్పు ఇక్కడేముందో" అన్నాను. కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. ఊబిలో దిగబడ్డ మనిషి దేవుణ్ణి పిలవడం, ఆయన వంగి విని పైకి తీసి రాతి మీద నిలబెట్టడం, వరస తప్పకుండా చెప్పుకుపోయాడు. నేను వేలు పెట్టుకుని వెంట చదువుతున్నాను. యాస మారింది గానీ మాట మారలేదు. నీలం దారం దగ్గర ద్రాక్షారసం గురించి. తాగేటప్పుడు బాగానే ఉంటుంది గానీ కడకి పాములా కరుస్తుందని. ఆ భాగం చెప్పి నవ్వాడు. "ఇది రాసినోడెవులో మా సందు సూసీసినోడే బాబూ."

పరీక్షలో అతను నెగ్గాడు. అయినా నాకు నిద్ర పట్టలేదు. బట్టీ పట్టడం వేరు, మానడం వేరు కదా.

మరుసటి ఆదివారం పొద్దున్న అతని వెనక బయల్దేరాను. బస్సులో అతను ముందు తలుపు దగ్గర, నేను వెనక తలుపు దగ్గర, మొహానికి పేపరు అడ్డం. మెటియాబ్రుజ్‌లో దిగి సందుల్లో పడ్డాం. ఒక మలుపు దగ్గర అతను ఆగిపోయాడు. ఎదురుగా చుల్లు అమ్మే పాక. ఇంక ఇప్పుడు బయటపడుతుందిరా నీ బండారం అనుకుంటున్నాను. అతను వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"బాబూ, ఎండలో ఎనకెనకే ఎందుకు నడుస్తారు? పక్కకి రండి. ఈ మలుపు దాటీదాకే కష్టం. ఇద్దరుంటే దాటీడం సులువు."

నా తల ఎక్కడ పెట్టుకోను! పేపరు మడిచి చంకలో పెట్టుకుని పక్కన నడిచాను. పాకలోంచి ఎవడో "కీ రే, ఏరా దేవుడయిపోయావా!" అని అరిచాడు. అతని చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది. మలుపు దాటాక వదిలేసి, అప్పుడు చెప్పాడు. మానిన మొదటి వారం ఒళ్ళంతా వణికిందట, గోడల మీద పురుగులు పాకినట్టు కనబడిందట, పెళ్ళాం తలుపు గొళ్ళెం పెట్టి అడ్డంగా కూచుందట.

"ప్రార్థన సేస్తే వణుకు ఆగిపోనాదా?" నాకు తెలియకుండానే అతని యాసలో అడిగాను.

"ఆగనేదు బాబూ. అబద్దమెందుకు? వణికీ సేతులికి పట్టుకోడానికి పుస్తకం దొరికినాది. అంతే. వణుకు తరవాత మెల్లగా ఆగినాది."

ఆ జవాబే నన్ను దెబ్బ తీసింది. ఆగిపోయిందని చెప్పుంటే అనుమానించేవాణ్ణి.

గదిలో ఇరవై మంది చాపల మీద ఉన్నారు. చదివే పెద్దాయన షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసే మనిషి, పడవలో నది దాటి వస్తాడు. ఆ రోజు ఆయనకి జ్వరం, రాలేదు. చదవడం వచ్చినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. అందరూ తెల్లచొక్కా వేసుకున్న నా వంక చూశారు. నేను రోజూ సింహాద్రి అప్పన్నకి దీపం పెట్టే మనిషిని. "బాబు సదువుతారు" అని అతను నా చేతిలో పుస్తకం పెట్టేశాడు. గొంతు సవరించుకుని చదివాను.

రెండు వాక్యాలు అయ్యాయో లేదో, "అదేటి బాబూ, ఆఫీసు నోటీసు సదివినట్టు సదువుతారు! ఊబిలో పడిపోనోడు అరుస్తన్నాడు కదా, కూసింత అరవండి" అన్నాడు అతను. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అరిచాను. ఏం చెయ్యను మరి!

అప్పటినుంచి భోజనాల వేళ రోజూ గోదాంలో తాళ్ళ చుట్టల మీద కూచుని చదివి పెట్టడం నా పనయింది. వాసన చూడ్డానికి దగ్గరగా కూచోవచ్చని వెళ్తున్నాను, అని మా ఆవిడకి చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆ అలవాటు నా దగ్గర్నుంచే అంటుకుంది.

ప్రమాదం జరిగి ఏడాది తిరిగాక డ్రైవర్లకి కొరత వచ్చింది. పెద్ద ఇంజనీరు పిలిచి అడిగాడు. "తాగడం మానేశాడని నువ్వు రాసిస్తే అతన్ని మళ్ళీ ఎక్కిస్తాను. బాధ్యత నీది. ఒక్కసారి తాగినా ఇద్దరూ జవాబు చెప్పుకోవాలి."

సంతకం పెట్టాను. అతను క్రేను ఎక్కాడు. కింద అదే దాదా, కుంటుతూ. దాదాకి దేవుడంటే గిట్టదు. యూనియన్ మనిషి. "మీ దేవుడు ఠాకూర్‌తో నాకు పని లేదు ఫోర్‌మేన్ బాబూ. నువ్వు వాసన చూశానంటే చాలు, నేను కింద నిలబడతాను" అన్నాడు. మొదటిసారి కూడా దాదా ఆ ధైర్యంతోనే కదా నిలబడ్డాడు!

నాలుగు నెలలు సాఫీగా జరిగింది. అయిదో నెలలో ఒక సోమవారం. బెర్తు మీద ఓడ, మధ్యాహ్నం పోటు, అన్నీ షరా మామూలే. అతను వచ్చి ఊదాడు. శుభ్రంగా ఉంది. "ఎక్కు" అన్నాను. ఎక్కలేదు.

"ఈయాల నన్ను ఎక్కించకండి బాబూ. నిన్న తాగీసినాను."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. "వాసన లేదే!"

"మద్దినేల తాగినాను. పోనాది వాసన. సెయ్యి మాత్రం తిన్నగా నేదు, సూడండి." చాపిన చెయ్యి సన్నగా వణుకుతోంది.

"ఎందుకు తాగావురా? ఏమయింది? ఇంట్లో ఏమైనా గొడవా?"

"కారణం ఏటీ నేదు. ప్రార్థన నుంచి సంతోసంగానే ఒస్తన్నాను. మలుపు కాడ కాళ్ళు అటెల్లిపోనాయి. పుట్టలో పామున్నాదని తెలిసీ సెయ్యెట్టీసినాను."

కోపం వచ్చింది. చూశావా నేను ముందే అనుకున్నాను అనే ఆనందం కూడా కొంచెం వచ్చింది, అదీ దాచను. తర్వాత భయం వచ్చింది. ఇది బయటపడితే అతని ఉద్యోగం పోతుంది. పెళ్ళాం, చదువుకుంటున్న కూతురు రోడ్డు మీద పడతారు. నా సంతకమూ గంగలో కలుస్తుంది. చుట్టూ చూశాను. ఎవరూ వినలేదు. గొంతు తగ్గించి చెప్పాను.

"నోరు మూసుకో. వాసన లేదు, నేను చూశాను, చాలు. మజ్జిగ తాగి ఓ గంట కూచో. చెయ్యి కుదుటపడ్డాక ఎక్కుదువు గాని. ఎవడికీ తెలియదు."

అతను నా వంక చూశాడు. విచారణ రోజు చూసిన చూపే.

"ఆయేల కూడా మీరు నన్ను ఎక్కించీసినారు బాబూ. వాసన తెలిసే ఎక్కించినారు. పైన సీసా ఉన్నాదన్నారు. నేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నానెవులికీ సెప్పనేదు. సెప్పను కూడా. గానీ మళ్ళీ ఎక్కించకండి. కింద దాదా ఉన్నాడు. ఆ కాలికింకా మూడేల్లున్నాయి."

నేను హాజరు పుస్తకం మూసేశాను.

"నిన్న ఇంటికెల్లి పుస్తకం మీద సెయ్యెయ్యలేకపోనాను. భయమేసినాది. ఈయాల పొద్దున్న ఏసినాను. ఏసినాక మరి అబద్దమెలగ ఆడతాను? ఉద్యోగం పోతే పోనీయండి. మళ్ళీ బస్తాలు మోస్తాను."

నాయనలారా, ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా ముందు ఊదిన నోళ్ళు ఎన్నో లెక్క లేదు. ఆ సోమవారం దాకా ఒక్క నోట్లోంచి కూడా ఇలాంటి మాట రాలేదు. నా ముక్కు పట్టుకోలేనిది అతనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని మళ్ళీ దాచమంటున్నాను. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంటుంది.

ఓడ పోటు తప్పింది. తప్పితే తప్పిందని, కాగితం తీసుకుని రెండు సంగతులు రాశాను. నిన్న ఇతను తాగాడు, తనంతట తానే చెప్పాడు. అంతకు ముందు ప్రమాదం జరిగిన రోజు వాసన తెలిసీ ఎక్కించింది నేను, సీసా లేనే లేదు. తీసుకెళ్ళి పెద్ద ఇంజనీరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మొదటి సంగతి ఒక్కటే రాస్తే సరిపోయేది కదా" అన్నాడు.

"సరిపోదు సార్."

దాదాని పిలిపించారు. ఆ డ్రైవరు క్రేను కింద మళ్ళీ పనిచెయ్యడానికి ఇష్టమేనా అని అడిగారు. దాదా కాగితం చదివాడు. మెల్లగా నా వైపు తిరిగాడు. అంత కోపం ఆయన మొహంలో అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"వాడు నిన్న తాగి ఇవాళ చెప్పాడు. నీకు ఏడాదిన్నర పట్టింది. ఛీ! మీ ఇద్దరిలో ఎవడి కింద నిలబడాలో నాకు తెలుసు." ఇంజనీరుతో, "అతను బాగుపడ్డాక ఎక్కనివ్వండి. నేను నిలబడతాను" అన్నాడు.

ఆ ఒక్క మాట అతని ఉద్యోగం నిలబెట్టింది. ఆరు నెలలు గోదాంలో ఉంచారు. నాకు రావలసిన హెడ్ ఫోర్‌మేన్ పదవి ఇంకొకరికి పోయింది, అది న్యాయమే. దాదా మాత్రం రెండేళ్ళ దాకా నాతో టీ తాగలేదు. పదవి పోయినదాని కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. ఆ ఆరు నెలలూ భోజనాల వేళ గోదాంకి వెళ్ళి చదువుతూనే ఉన్నాను. ఆదివారాలు మలుపు దాకా వెళ్ళి దాటించేవాణ్ణి.

మళ్ళీ క్రేను ఎక్కే రోజు వచ్చింది. అతను నా ముందు నిలబడ్డాడు. నాకు కళ్ళు చెమర్చాయి. వీడి నోరు నేను వాసన చూడడమేమిటి అనిపించింది. భుజం తట్టి, "నీకింక అక్కర్లేదురా. నమ్ముతున్నాను. ఎక్కు" అన్నాను.

మెచ్చుకుంటాడనుకున్నాను. కదల్లేదు.

"నమ్మడానికి నాకు దేవుడున్నాడు బాబూ. అనుమానించడానికి మీరొక్కరే ఉన్నారు. మీరు కూడా మానీస్తే నాను పడిపోతాను."

అని నోరు తెరిచి నిలబడ్డాడు. కొక్కెం కింద దాదా తొందరపడుతున్నాడు. నేను ముందుకి వంగి, శ్రద్ధగా వాసన చూశాను.